బెడ్‌రూమ్ స్టీరియోకి సబ్ వూఫర్ తగిలించాను, పాట కన్నా బీరువా ఎక్కువ మోగుతోంది

రాత్రిపాటలు
ఆరేళ్ళుగా బెడ్‌రూమ్‌లో ఒక చిన్న స్టీరియో యాంప్, 5 అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు వాడుతున్నా. గొంతులు, వయొలిన్లు బావుంటాయి గానీ బేస్ గిటార్ అడుగు స్వరాలు ఉండీ లేనట్టు ఉంటాయి. పోయిన నెల 10 అంగుళాల సీల్డ్ (అన్నివైపులా మూసిన డబ్బా) సబ్ వూఫర్, అంటే అడుగు బేస్ ఒక్కటే మోగించే స్పీకరు, సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాను. అమ్మినాయన ఇంట్లో విన్నప్పుడు ఎంత బిగుతుగా ఉందంటే ఇంకో మాట లేకుండా డబ్బులిచ్చేశా. మా ఇంటికొచ్చాక అదే సబ్, అదే పాట, కుండలో తల పెట్టి విన్నట్టుంది. రెండు మూడు స్వరాల దగ్గర గుమ్మని పేలుతుంది, మిగతా చోట అసలు సబ్ ఉందో లేదో తెలియదు. పొద్దున్న మా అమ్మ దీంట్లోనే ప్రవచనం పెట్టుకుంటుంది, నిన్న పిలిచి "స్వామివారు బీరువాలోంచి మాట్లాడుతున్నారేంట్రా" అంది. నవ్వొచ్చింది గానీ నిజం, గొంతు అక్కడినుంచే వస్తోంది.

గది 12 అడుగులు పొడవు (ఉత్తరం దక్షిణం), 10 వెడల్పు, ఎత్తు 10. స్పీకర్లు ఉత్తరం గోడ వైపు, మంచం తల దక్షిణం గోడకి. బీరువా నైరుతిలో. బీరువాకీ పడమటి గోడకీ మధ్య అడుగున్నర సందులో సబ్. క్రాసోవర్ నాబ్ (సబ్ ఎంత పై స్వరం దాకా మోగాలో పెట్టేది) 120 హెర్ట్జ్, వాల్యూమ్ సగం, ఫేజ్ (సబ్ అల స్పీకర్ల అలతో కలిసి కదలాలా, తిరగేసి కదలాలా అన్నది) 0. అమ్మేసి వేరేది కొనాలా?

మియాపూర్12అంగుళాలు
10 అంగుళాలతో అంతే బ్రో. 12 తీసుకో, పోర్టెడ్ (డబ్బాకి గాలి రంధ్రం ఉన్నది) తీసుకో, తేడా నీకే తెలుస్తుంది.

కాకినాడకాజా
బీరువాలో ఎవరున్నారో ముందు చూడండి. తర్వాత సబ్ సంగతి.

రెండుస్పీకర్లుచాలు
సంగీతానికి సబ్ ఎందుకండీ అసలు? అది సినిమాల్లో బాంబులకి. మంచి స్పీకర్లు రెండు, మంచి స్టాండ్లు, అయిపోయింది. నేను ఇరవై ఏళ్ళుగా సబ్ లేకుండా వింటున్నా, ఏ లోటూ లేదు.

నాలుగుతీగలు
పైన చెప్పినాయనకి: నేను బేస్ గిటార్ వాయిస్తా. దాని అడుగు తీగ వట్టిగా మీటితే 41 హెర్ట్జ్. 5 అంగుళాల వూఫర్ చిన్న డబ్బాలో 55, 60 కిందకి దిగదు. అంటే మీరు ఇరవై ఏళ్ళుగా ఆ స్వరాన్ని వినట్లేదు, దాని పై హార్మోనిక్స్ (రెట్టింపు, మూడింతల స్వరాలు) విని మెదడు మిగతాది పూరించుకుంటోంది. ఇళయరాజా పాటల్లో బేస్ లైన్ ఎక్కడెక్కడ తిరుగుతుందో సబ్ సరిగా కుదిరిన రోజు తెలుస్తుంది.

రాత్రిపాటలు గారూ, ఒక్క పని చేయండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఒకటి పెట్టుకుని యాంప్‌కి కలపండి. 41 నుంచి 60 దాకా ఒక్కో హెర్ట్జ్ పెంచుతూ మంచం మీద కూర్చుని వినండి. ఎక్కడ ఉబ్బుతోందో రాయండి.

రాత్రిపాటలు
చేశా. 41 దగ్గర పెద్దగా లేదు. 45 నుంచి లేవడం మొదలై 47 దగ్గర కిటికీ అద్దం, బీరువా హ్యాండిల్ రెండూ తాళం వేశాయి. 50 దాటాక తగ్గింది. మళ్ళీ 56 దగ్గర ఇంకో గుమ్ము, ఇది మొదటి దానికంటే కాస్త చిన్నది. వైర్లమావయ్య గారు ఈ చర్చ చూస్తే బావుండు.

నాలుగుతీగలు
అదిగో. అడుగు తీగ రెండో ఫ్రెట్ (మెట్టు) 46, మూడో ఫ్రెట్ 49, దాని పక్క తీగ వట్టిది 55. మీ గదిలో ఈ మూడు స్వరాలూ అరుస్తాయి, పక్కవి గుసగుసలాడతాయి.

డీబీదాసు
సబ్‌ని ఏమీ అనకండి. ఇది గది చేస్తున్న పని. లెక్క చాలా చిన్నది, ధ్వని సెకనుకి సుమారు 1125 అడుగులు పోతుంది, దాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగించండి, వచ్చేది ఆ రెండు గోడల మధ్య నిలిచి మోగే స్వరం, దాన్నే మోడ్ అంటారు. 1125 బై 24, సుమారు 47. వెడల్పుకి 1125 బై 20, 56. మీరు చెవితో పట్టిన అంకెలే. మీ ఖర్మకి ఎత్తు కూడా 10 అడుగులే కాబట్టి వెడల్పు మోడూ ఎత్తు మోడూ రెండూ 56 మీదే కూర్చున్నాయి. గది కట్టేటప్పుడు రెండు కొలతలు సమానంగా పెడితే వచ్చే తంటా ఇది, మన వైపు పది పదుల గదులు ఎన్ని ఉన్నాయో లెక్కే లేదు.

ఇంకో సంగతి, 47 దగ్గర అలకి రెండు గోడల దగ్గరా ఒత్తిడి ఎక్కువ, సరిగ్గా గది నడుమ దాదాపు సున్నా. మీ తల దక్షిణం గోడకి ఆనుకుని ఉంది. సబ్ కూడా అదే గోడ మూలలో. మూలలో పెట్టిన సబ్ గదిలో ఉన్న అన్ని మోడ్లనీ గట్టిగా లేపుతుంది. అంటే మోత ఎక్కువ పుట్టే చోట సబ్, ఎక్కువ వినపడే చోట మీ తల. నమ్మకపోతే 47 టోన్ పెట్టి మంచం దిగి గది మధ్యలో నించోండి.

రాత్రిపాటలు
దాసుగారూ, ఇప్పుడే చూశా. గది నడుమకి వెళ్తే ఎవరో స్విచ్ ఆపేసినట్టు మాయం! రెండడుగులు వెనక్కి వస్తే మళ్ళీ వచ్చింది. మా ఆవిడని కూడా నడిపించి చూపించా, మూడుసార్లు నడిచి "దెయ్యం ఉందా ఏంటి" అంది.

కాకినాడకాజా
బీరువాలో స్వామి, గది మధ్యలో దెయ్యం. అద్దె ఎంత కడుతున్నారు?

మియాపూర్12అంగుళాలు
ఫోమ్ ట్రేలు అతికించు, గుడ్ల అట్టల్లా ఉంటాయి కదా, అవి. నేను నాలుగు గోడలకీ అతికించా.

డీబీదాసు
మియాపూర్ గారూ, ఏమనుకోకండి, ఆ రెండు అంగుళాల ఫోమ్ పై శబ్దాల్ని మింగుతుంది, బేస్‌ని ముట్టుకోదు. 47 హెర్ట్జ్ అల పొడవు సుమారు 24 అడుగులు, అందులో పావు 6 అడుగులు. రెండంగుళాల స్పాంజి దానికి దోమతెర. పైగా పై శబ్దాలన్నీ చచ్చి బేస్ అలాగే ఉంటే గది ఇంకా మొద్దుగా వినిపిస్తుంది.

పాతక్యాసెట్టు
మా ఇంట్లో మూలకి రెండు బూరుగు దూది పరుపులు చుట్టి నిలబెట్టాను. 100 పైన మగగొంతుల మోత కొంత తగ్గింది, దాని కింద ఏమీ కాలేదు. చుట్టాలొస్తే వాటిమీదే పడుకోబెడతాం కాబట్టి నష్టం లేదు.

డల్లాస్‌తెలుగోడు
ఇది చదువుతుంటే నాకు ఒక విషయం అర్థమైంది. ఇక్కడ మా ఇళ్ళు కర్ర ఫ్రేము మీద జిప్సం బోర్డు గోడలు, బేస్ కొంత గోడల్లో పోతుంది, కొంత బయటికి పోతుంది, గుమ్ము తక్కువ. అదే సబ్ మోడల్ మా అన్నయ్యకి విజయవాడలో పెట్టించాను, ఇటుక గోడలు, పైన కాంక్రీటు స్లాబు. బేస్ ఎక్కడికీ పోదు, కొట్టుకుని కొట్టుకుని అక్కడే ఉంటుంది. నాకు ఇక్కడ బాగున్న సెట్టింగ్ అక్కడ రెండు నిమిషాలు కూడా వినలేకపోయాం.

వైర్లమావయ్య
ఆలస్యంగా చూశాను, ఊళ్ళో లేను. దాసు చెప్పింది సరిగ్గా ఉంది, నేను చేతిపని చెప్తా.

మొదట మంచం. తల దక్షిణం నుంచి రెండడుగులు ముందుకి జరపగలరా? జరిపితే మోత కొంచెం తగ్గుతుంది. లేదంటే తల ఉత్తరం వైపు

రాత్రిపాటలు
మావయ్యగారూ మీ పోస్టు సగంలో ఆగింది గానీ అక్కడే ఆపండి. ఉత్తరం తల మా ఇంట్లో జరిగే పని కాదు. అమ్మ ఉంది. దక్షిణం తల, నైరుతిలో బీరువా, ఈ రెండూ రాజ్యాంగం. అసలు సబ్ ఆ సందులోకి ఎందుకెళ్ళిందంటే నైరుతిలో బరువుండాలి, అది 16 కేజీలుంది కదా అక్కడ పెట్టు అన్నారు. మంచం ముందుకి జరిపితే కాళ్ళ దగ్గర నడిచే దారి పోతుంది.

కాకినాడకాజా
నైరుతిలో బరువు పెడితే డబ్బు నిలుస్తుందంటారు. సబ్ పెడితే 47 హెర్ట్జ్ నిలిచింది.

వైర్లమావయ్య
ఫోన్ వచ్చి సగంలో పంపేశా. ఉత్తరం తల వద్దులెండి, నేనూ పెట్టను.

సరే, మంచం కదలదు, బీరువా కదలదు. సబ్ కదులుతుంది. పడమటి గోడ 12 అడుగుల పొడవు, దాని సరిగ్గా నడుమ, అంటే దక్షిణం మూల నుంచి 6 అడుగుల దగ్గర ఏముంది? ఉయ్యాల సంగతి తెలుసుగా, అంచున కూర్చున్నవాణ్ణి నెడితే ఊగుతుంది, కొక్కెం దగ్గర పట్టుకుని నెడితే ఊగదు. 47కి ఆ గోడ నడుమ కొక్కెం లాంటిది. అక్కడి నుంచి సబ్ ఎంత మోగించినా పొడవు మోడ్ లేవదు. 56 మాత్రం పోదు, ఎందుకంటే సబ్ నేల మీదే ఉంటుంది, పక్కగోడకీ ఆనుకునే ఉంటుంది. దాన్ని తర్వాత ఈక్వలైజర్‌తో (ఒక్కో స్వరాన్ని విడిగా తగ్గించే, పెంచే సాధనం) కోయాలి.

నా లెక్క నమ్మకపోయినా ఫరవాలేదు, పాకే పద్ధతి చేయండి. సబ్‌ని ఎత్తి మంచం మీద, మీ దిండు ఉండే చోట పెట్టండి. బేస్ లైన్ బాగా తిరిగే పాట పెట్టి మీరు నేల మీద మోకాళ్ళతో పాకుతూ గోడ వెంబడి వినండి. ఎక్కడ అన్ని స్వరాలూ ఒకే ఎత్తున వినిపిస్తే అక్కడ సబ్ పెట్టండి. తల నేలకి దగ్గరగా ఉండాలి, వంగి వింటే లాభం లేదు.

పద్మవీణ
రెండు నెలల కింద ఇదే చేశాం. ఆయన పాకుతున్నారు, నేను టార్చి పట్టుకున్నాను, పనమ్మాయి వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది. కానీ ఫలితం వచ్చింది, మృదంగం తొప్పి (ఎడమ వైపు) దెబ్బ ఇప్పుడు దెబ్బలాగా ఉంది, ఇదివరకు చాప దులిపినట్టుండేది.

సందేహాలరావు
మధ్యలో వస్తున్నా, సారీ. నా సబ్‌లో పాట లేకపోయినా జుయ్ మని ఒక సన్నటి హమ్ వస్తోంది. సెటాప్ బాక్స్ కలిపినప్పటినుంచీ. ఎలక్ట్రీషియన్ మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను పీకేయమన్నాడు, హమ్ పోతుందట.

వైర్లమావయ్య
పీకకండి! ఆ మాట చెప్పినవాడిని మళ్ళీ ఇంట్లోకి రానివ్వకండి. ఎర్తు లేని సబ్‌లో లోపల ఏదైనా వైరు చాసీకి తగిలితే ఆ కరెంటు మీ చేతిలోంచి పోతుంది. మీది గ్రౌండ్ లూప్, అంటే ఎర్తు రెండు దారుల్లో కలిసి చుట్టు పడింది, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 50, 100 దగ్గర హమ్ వస్తుంది. కేబుల్ టీవీ వైరు సెటాప్ బాక్స్ నుంచి ఊడదీసి చూడండి. హమ్ ఆగితే దోషి అదే, కేబుల్‌కి ఆ చుట్టు తెంచే ఐసొలేటర్ వేసుకోవాలి. ఆగకపోతే యాంప్, సబ్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి.

సందేహాలరావు
కేబుల్ వైరు ఊడదీశా, నిశ్శబ్దం. దేవుడిలా వచ్చారండి.

రెండుస్పీకర్లుచాలు
చూశారా ఎంత తంటానో. సబ్ లేకపోతే హమ్ లేదు, పాకుడు లేదు.

నాలుగుతీగలు
బేస్ కూడా లేదు.

పాతక్యాసెట్టు
ఇద్దరూ కొట్టుకోకండి. బెడ్‌రూమ్ అంటే రాత్రి తక్కువ వాల్యూమ్‌లో వినేది, అక్కడే సబ్ అవసరం ఎక్కువ. శబ్దం తగ్గేకొద్దీ చెవికి బేస్ ముందు మాయమవుతుంది. ఫ్లెచర్, మన్సన్ అని ఇద్దరు 1933లోనే కొలిచి గీతలు గీసి పెట్టారు. పాత యాంపుల్లో లౌడ్‌నెస్ అని బటన్ ఉండేది దీనికే. ఆ బటన్ ఎందుకో తెలియక మా నాన్న పగలూ రాత్రీ నొక్కే ఉంచేవారు.

డీబీదాసు
రాత్రిపాటలు గారూ, పాకే లోపు ఇంకో మాట. మీ క్రాసోవర్ 120 దగ్గరుందన్నారు. మగగొంతు అడుగు 85 నుంచి మొదలవుతుంది, అందుకే మీ అమ్మగారి ప్రవచనం బీరువా వెనకనుంచి వస్తోంది. 80 దాటితే శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో చెవి పట్టేస్తుంది. స్పీకర్లు 55, 60 దాకా దిగుతాయంటే సబ్‌ని 60, 70 మధ్య పెట్టండి. వాల్యూమ్ సగం కూడా ఎక్కువే. సబ్ ఉన్నట్టు తెలియకూడదు, ఆపితే మాత్రం ఏదో పోయినట్టుండాలి, అక్కడికి వచ్చేదాకా తగ్గించండి.

ఫేజ్ కూడా చూడండి. చోటు ఖాయం అయ్యాక 65 టోన్ పెట్టి, స్పీకర్లూ సబ్బూ రెండూ మోగుతుండగా మంచం మీద మీరు కూర్చుని ఇంకొకరితో 0, 180 మార్పించండి. ఏది గట్టిగా ఉంటే అది. మెల్లగా ఉన్నదానిలో రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయని అర్థం. మీదీ హైదరాబాదే అయితే నా కొలత మైకు ఆదివారం ఇస్తా, యూమిక్-1. గది శబ్దం కొలిచే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, లాప్‌టాప్‌లో వేసి ఉంచండి.

రాత్రిపాటలు
శనివారం పాకాను. సబ్ దిండు మీద పెట్టి, దుప్పటి కప్పి (ఎందుకు కప్పానో అడగొద్దు), గోడ వెంబడి పాకుతుంటే మా పాప వీపెక్కి చల్ చల్ అంది. రెండో రౌండు గుర్రంతోనే పూర్తయింది. మావయ్యగారు చెప్పిన చోటే, పడమటి గోడ నడుమ, అంగుళాలతో సహా. అక్కడ స్వరాలు మెట్లలాగా ఒకదాని తర్వాత ఒకటి దిగుతున్నాయి, నేను ఆ పాటలో ఆ దిగుడు ఉందనే అనుకోలేదు ఇన్నాళ్ళూ.

అక్కడ ఇస్త్రీ బల్ల ఉండేది. దాని మీద చర్చలు జరుగుతున్నాయి.

కాకినాడకాజా
చర్చలు విఫలమైతే సబ్ మీదే ఇస్త్రీ చేయండి. ఆవిరి బేస్.

మియాపూర్12అంగుళాలు
నేనూ మంచం మీద పెట్టి చూశా నిన్న. 12 అంగుళాలది 28 కేజీలు, నడుము పట్టేసింది. కానీ ఒప్పుకుంటున్నా, మూల నుంచి తీసి గోడ నడుమ పెడితే వేరే సబ్ లాగా ఉంది. ఫోమ్ మాత్రం పీకను, జిగురు పెయింట్‌తో సహా వస్తుంది.

పద్మవీణ
బీరువా మోత పోయిందా?

రాత్రిపాటలు
లేదు, కానీ తక్కువైంది. దాని కోసం రాత్రి 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ (స్వీప్) వదిలి నేను చెవి పెట్టి తిరిగా. హ్యాండిల్‌కి వెనక చిన్న స్పాంజి ముక్క దూర్చా. తలుపు రెండు రేకులు కలిసే చోట ఫెల్ట్ చుక్కలు. ఒక కాలు నేలకి ఆనట్లేదు, పాత శుభలేఖ మడిచి పెట్టా, అది ఆగింది. సజ్జ మీద ఇత్తడి బిందెలు 62 దగ్గర పాడాయి, మధ్య తువ్వాళ్ళు. చివరికి ఇంకా ఏదో టిక్ టిక్ మంటుంటే అరగంట వెతికా, అది నా సొంత మంచం బోల్టు.

వైర్లమావయ్య
సబ్ కింద వాషింగ్ మెషీన్‌కి వేసే రబ్బరు ప్యాడ్లు నాలుగు వేయండి. కింది ఇంటివాళ్ళకి స్లాబ్‌లోంచి దిగేది కొంత తగ్గుతుంది. గాల్లో పోయేది తగ్గదు, దానికి రాత్రి పదింటికి వాల్యూమ్ ఒక్కటే మందు.

డీబీదాసు
ఆదివారం వెళ్ళొచ్చాను, ఆయన ఒప్పుకున్నారు కాబట్టి అంకెలు ఇక్కడ పెడుతున్నా. పాత చోట 47 దగ్గర చుట్టుపక్కల కంటే 13 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) ఎత్తు. కొత్త చోట 4. 56 అనుకున్నట్టే ఉంది, 8. ఫేజ్ 180 చేస్తే 60 నుంచి 80 మధ్య ఉన్న గుంట చాలావరకు పూడింది. ఆయన పాటలు లాప్‌టాప్ నుంచి వింటారు కాబట్టి ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్ వేసి 56 దగ్గర ఇరుకైన ఫిల్టర్‌తో 7 డీబీ కోశాం. 80 దాటాక ఇంకో గుంట ఉంది, దాన్ని పెంచమని ఆయన మూడుసార్లు అడిగారు, నేను పెంచలేదు. 6 డీబీ పెంచాలంటే యాంపుకి నాలుగింతల పవర్ కావాలి, అయినా ఆ గుంట నిండదు, చిల్లు కుండ అది. ఎత్తుల్ని కోయండి, గుంటల్ని వదిలేయండి.

పెద్దావిడ ఉప్మా పెట్టారు. సబ్ విషయంలో మాత్రం ఆవిడ సంతోషంగా లేరు.

పాతక్యాసెట్టు
ఎందుకట?

రాత్రిపాటలు
నేను చెప్తా. ఖర్చు లెక్క ముందు: రబ్బరు ప్యాడ్లు, ఫెల్ట్, కొంచెం పెద్ద కేబుల్, వెయ్యి లోపే. ఇస్త్రీ బల్ల హాల్లోకి వెళ్ళింది, బదులుగా నేను ఆదివారాలు ఇస్త్రీ చేయాలి. రాత్రి పదకొండింటికి గొంతు స్థాయిలో పెట్టుకున్నా బేస్ గిటార్ వేళ్ళు కదులుతున్నట్టు వినిపిస్తోంది. రెండు రోజులు పలచగా అనిపించి నాకే అనుమానం వచ్చింది, తర్వాత సబ్‌ని పాత సందులో పెట్టి ఒక్క పాట విని మళ్ళీ వెనక్కి తెచ్చేశా.

అమ్మ సంగతి ఏంటంటే, పొద్దున్న ప్రవచనం పెట్టుకుని పది నిమిషాలు విని, "స్వామివారికి ఒంట్లో బాగోలేదా, గొంతు సన్నబడింది" అంది.

వైర్లమావయ్య
నెల రోజులు బీరువాలో విన్నదిగా, అలవాటైపోయి ఉంటుంది. వారం ఆగండి.

రాత్రిపాటలు
వారం ఆగలేనండీ, రోజూ ఆరోగ్యం అడుగుతోంది. పొద్దున్న ఆరింటికి లేచి సబ్ నాబ్ రెండు గీతలు పెంచుతున్నా, రాత్రి దించుతున్నా.

కాకినాడకాజా
రిమోట్ ఉన్న సబ్ కొనండి. పెద్దావిడ నైరుతిలో పెట్టమంటారు, చూసుకోండి.